వినే విమానంలో తమ్ముడు

మేడ్చల్ దిక్కు పుట్టినవాళ్లకు విమానం వింత కాదు. దుండిగల్ నుంచి లేచే శిక్షణ విమానాలు పొద్దున్నే మా ఇళ్ల మీద గిరికీలు కొడుతుంటాయి. మిద్దె మీద మిరపకాయలు ఎండబోసే మా అమ్మ వాటి వైపు తలెత్తి కూడా చూడదు. అలాంటి ఇంట్లో విమానం చప్పుడుకు గుండె జారిపోయే రోజులు వస్తాయని నేనెప్పుడూ అనుకోలేదు. వచ్చాయి, మా తమ్ముడి పుణ్యమా అని.

తమ్ముడు మిలిటరీ విమానంలో పనిచేస్తాడు. నడిపేది వాడు కాదు. అది బాంబులు వేసే విమానమూ కాదు. దాని కడుపులో వరసగా తెరలు, వాటి ముందు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మనుషులు. సరిహద్దు అవతలివాళ్ల రేడియోలు, ఫోన్లు, రాడార్లు ఏం కూస్తున్నాయో ఆకాశంలో తిరుగుతూ వినడమే వాళ్ల పని. ఇదంతా వాడు చెప్పింది కాదు, నేను అక్కడా ఇక్కడా చదివి అతికించుకున్నది. వాడు చెప్పింది ఒకటే: "మేం ఇంటమక్కా. గంతే." చిన్నప్పుడు అన్నానికి పదిసార్లు పిలిచినా పలకనివాడికి వినే ఉద్యోగం ఎవరిచ్చారని నేను వాణ్ని ఏడిపించేదాన్ని. బాపు మాత్రం పేట్ బషీరాబాద్‌లో తాను కూర్చునే ప్లాట్ల ఆఫీసులో "మావోడు మిలిట్రీల రేడియోలు జూస్తడు" అని చెప్పి మాట మార్చేసేవాడు.

విమానం ఎక్కేముందు వాళ్లు ఫోన్లు జమ చేయాలి. ఎక్కడికి పోతున్నావు, ఎప్పుడొస్తావు అని మేం అడగకూడదు. అడిగినా వాడు చెప్పడు. అందుకని వాడే ఒక దారి వెతికాడు. అమ్మ ఫోన్ పెట్టేసే ముందు ఎప్పుడూ "సల్లగుండు బిడ్డా" అంటుంది. అది అవ్వ నోటి నుంచి వచ్చిన దీవెన. నేల మీద దిగగానే వాడు ఫోన్ చేసి "సల్లగున్ననే" అనేవాడు. ఇంకేమీ అనేవాడు కాదు. ఆ మాట వింటేనే అమ్మకు ఆ పూట అన్నం సయించేది.

ఆ ఎండాకాలం సరిహద్దులో పరిస్థితి ముదిరింది. నాకు బౌరంపేట్ బడిలో తెలుగు చెప్పే పని; సెలవులు కాబట్టి శామీర్‌పేటలోని అత్తగారింటి నుంచి మేడ్చల్ వచ్చి అమ్మ దగ్గరే ఉన్నాను. టీవీలో వార్తలు చదివేవాళ్లు యుద్ధం తమ పెరట్లోనే జరుగుతున్నట్టు అరుస్తున్నారు. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది, అయినా కట్టేసే ధైర్యం లేదు. తమ్ముడి ఫోన్ పలకడం లేదు. వాడి విమానంలాంటిది పెద్దదనీ, నిదానంగా ఒకే చోట గంటల తరబడి చుట్లు కొడుతుందనీ, శత్రువుకు సులువుగా దొరుకుతుందనీ ఎక్కడో చదివాను. చదవకుండా ఉండాల్సింది.

బాపుకు వేరే భయం. "ఫోన్ల వాని ముచ్చట తియ్యకుండ్రి. ఇనెటోళ్లుంటరు," అన్నాడు.

"ఇననియ్యి. మనోడే ఇంటడేమో," అంది అమ్మ.

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది.

ఆ మధ్యాహ్నం నేను వెనక బట్టలు ఆరేస్తుంటే అమ్మ ఫోన్ మోగింది. "హలో, కౌన్?" అన్న అమ్మ గొంతు వినబడింది. తర్వాత ఏమీ వినబడలేదు. లోపలికి వచ్చి చూస్తే ఫోన్ టీవీ పక్కన బోర్లా పెట్టి ఉంది. అమ్మ నేల మీద కూర్చుని ఉంది.

"ఎవలే?"

"వాని దోస్తంట. హిందీల మాట్లాడిండు."

"ఏమన్నడు?"

"సల్లగైండన్నడు. గా ఒక్క మాట తెలుగుల్నే."

మా దిక్కు ఆ మాట ఊరికే అనరు. ప్రాణం పోయిన మనిషి చెయ్యి పట్టుకుని చూసినవాళ్లు అనే మాట అది. ఒళ్లు చల్లబడిందని అర్థం. ఆ నంబరుకు తిరిగి చేస్తే స్విచాఫ్. మళ్లీ చేశాను, మళ్లీ అదే. భయమంటే గుండె దడదడ కొట్టుకోవడం అనుకునేదాన్ని. అప్పుడు నా గుండె అసలు కొట్టుకుంటున్నట్టే అనిపించలేదు.

బాపుకు ఫోన్ చేసి రమ్మన్నాను, ఎందుకో చెప్పలేదు. నా గొంతే చెప్పినట్టుంది. ఆటోలో వచ్చాడు, బండి తాళం చేతిలోనే ఉంది. బండి స్టార్ట్ చేయడం చేత కాలేదట. గడపలోనే నిలబడి సంగతి విన్నాడు.

"ఇంకేమన్నడు?" అని అడిగాడు.

"ఇంకేం చెప్పరాదన్నడు. పెట్టేసిండు," అంది అమ్మ. కాస్త ఆగి, "నవ్వుకుంట చెప్పిండు," అంది.

"నవ్వుకుంటనా?"

"అవ్. నవ్వుకుంటనే."

పిల్లల రాతల్లో ఒత్తు తప్పితే ఎర్ర సిరా పెట్టే ఉద్యోగం నాది. ఆ నవ్వు నన్ను వదల్లేదు. చావు కబురు ఎవడైనా నవ్వుతూ చెబుతాడా? ఆ దోస్తుకు తెలుగు రాదు. తమ్ముడు వాడికి ఒక్క మాట నేర్పించి ఉంటాడు, "సల్లగున్నడు" అని. హిందీ నాలుక కదా, "గయా" వైపు జారి, "సల్ల గయిండు" అయి ఉంటుంది. కొత్త భాషలో ఒక మాట పలికినందుకు వాడు మురిసిపోయి నవ్వి ఉంటాడు. ఇదంతా నేను గడగడా చెప్పాను. చెబుతుంటే నాకే నిజమనిపించింది. చెప్పడం ఆపగానే మళ్లీ అనుమానమొచ్చింది.

అమ్మ నమ్మలేదు. "నేనిన్న. నా చెవులతోని ఇన్న," అంది.

నిజం చెప్పాలంటే, అంతకుముందున్న దుఃఖం కంటే ఆ ఆశే నన్ను ఎక్కువ భయపెట్టింది. దుఃఖంలో పడ్డప్పుడు కాళ్ల కింద నేలైనా ఉంది. ఈ ఆశ నన్ను ఎటూ నిలబడనివ్వలేదు.

పొద్దు వాలుతుంటే, పొయ్యి ముట్టించాలా వద్దా అన్నది మా ముందుకొచ్చింది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి ముట్టించరు. అమ్మ వంటింటి వైపు చూడడం లేదు. నాకు చెయ్యి రావడం లేదు. గోడకు ఆనుకుని కూర్చున్న బాపు ఉన్నట్టుండి లేచాడు. "మావోనికి ఏం గాలె. పొయ్యి ముట్టియ్యాలె," అన్నాడు, ఇంట్లో ఎవరో కాదన్నట్టు గట్టిగా. పుట్టి బుద్ధెరిగి స్టవ్ ముట్టని మనిషి లైటరు ఎటు నొక్కాలో తెలియక టకటకలాడించాడు. మంట అంటుకున్నాక చాయ్ పెట్టాడు. చక్కెర వేయడం మరిచిపోయాడు. నేను తాగాను. అమ్మ గ్లాసు పట్టుకుని కూర్చుంది గానీ తాగలేదు.

ఆ రాత్రి గురించి ఏమీ రాయలేను.

తెల్లారి, బాపు పాల ప్యాకెట్లు తెచ్చిన కాసేపటికి ఫోన్ మోగింది. ఎవరూ కదల్లేదు. చివరికి నేనే ఎత్తి స్పీకర్ పెట్టాను.

"అమ్మా, సల్లగున్ననే," అన్నాడు తమ్ముడు. "ఏరే కాడ దిగినం, ఫోన్ చేతికి రాలె. మా దోస్తుకు గా ఒక్క మాట నేర్పిచ్చి చెప్పమన్న. చెప్పిండా?"

బాపు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. నేను ఆనందపడాల్సింది పోయి తమ్ముణ్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. వాడి దోస్తు ఏమన్నాడో, అమ్మ ఏం విన్నదో, పొయ్యి సంగతి, అన్నీ చెప్పేశాను. వాడు మధ్యలో ఒక్కసారి నవ్వబోయి ఆగిపోయాడు. తర్వాత "అక్కా" అన్నాడు.

అమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. తిన్నావా అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. ఫోన్‌ను నోటికి దగ్గరగా పెట్టుకుని, పక్కింటివాళ్లు వింటారేమోనన్నట్టు చిన్నగా అడిగింది.

"బిడ్డా, నువ్వు ఇనెటోళ్లకు గూడ అమ్మలుంటరు గద?"



"ఉంటరే," అన్నాడు. "ఒక్కోపారి ఆళ్లు మాట్లాడేది అమ్మతోనే."