పన్నెండో బంతి కోసం ఎన్నిస్ దాకా

జూన్‌లో ఒక శనివారం ఉదయం ఏడున్నరకి బోమాంట్‌లో బస్సెక్కాను. టీవీలో ఒక బౌలింగ్ ఆట చివరి మూడు బంతులు చూడటానికి దేశం ఆ చివరి దాకా వెళ్తున్నానంటే మా ఐరిష్ ఆసుపత్రి వార్డులో అందరూ నవ్వారు. నవ్వితే నవ్వనీ. వాటి కోసం అయిదు నెలలు ఆగినదాన్ని నేను.

నేను నర్సుని. ఇమ్మానుయేలు అంకుల్‌ది ఆ చివరనున్న ఎన్నిస్. షానన్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం. వీడియో ప్రార్థన కూటంలో పరిచయమయ్యారు. కోవిడ్ వల్ల ఎవరి కౌంటీ, అంటే జిల్లా, వాళ్ళు దాటకూడదన్న రోజుల్లో ఆదివారం మధ్యాహ్నాలు ఆయన అక్కడా నేను ఇక్కడా ఒకే చానల్ పెట్టుకుని, ఫోన్లో మాట్లాడుకుంటూ ప్రొఫెషనల్ బౌలింగ్ చూసేవాళ్ళం. ఒక్క బంతికే పది పిన్నులూ పడితే స్ట్రైక్. వరసగా పన్నెండు స్ట్రైకులు కొడితే మూడొందలు, అదే పర్ఫెక్ట్ గేమ్. ఆపైన స్కోరు లేదు.

“టీవీ లైట్ల కింద, అంతమంది చూస్తా ఉంటే కొట్టడం సామాన్యం గాదమ్మాయ్,” అనేవారు అంకుల్.

దానికో ఆచారం ఉందని కూడా ఆయనే చెప్పారు. స్ట్రైకులు పేరుకుంటున్నకొద్దీ తోటి ఆటగాళ్ళు కొడుతున్నవాడి పక్కన కూర్చోరు, పలకరించరు, ఎన్నయ్యాయో పొరపాటున కూడా పైకి అనరు. నాకిది వింతగా తోచలేదు. పాస్‌పోర్టులో వీసా పడేదాకా సొంత చెల్లెలికి కూడా చెప్పని జాతి మనది.

జనవరిలో ఒక ఆదివారం ఎడమచేతి వాటం ఆటగాడొకడు వరసగా తొమ్మిది కొట్టాడు. నా నోరు ఊరుకోదుగా. “అంకుల్, ఇంక మూడే!” అనేశాను. అవతల దగ్గు మొదలైంది. రెండు రోజులుగా నలతగా ఉందంటున్న మనిషికి ఊపిరి అందలేదు. వాళ్ళావిడ సుగుణ ఆంటీ అరుపు, ఆ తర్వాత అంబులెన్సు. కోవిడ్‌తో మూడు వారాలు లిమరిక్ ఆసుపత్రిలో ఉన్నారు. నా మాటకీ ఆయన ఊపిరితిత్తులకీ సంబంధం లేదని నాకు తెలుసు. తెలిసీ కుమిలిపోయాను.

ఇంటికొచ్చాక ఆయన ఫోన్లో అన్న మొదటి మాట: “ఆట రికార్డయింది. నేను చూళ్ళేదు, నువ్వూ ఎక్కడా వెతకమాక. నువ్వొచ్చాకే చూద్దాం.”

కౌంటీ ఆంక్షలు ఎత్తేసేసరికి జూనైంది. ఆ శనివారం బస్సు దిగి, లువాస్ ట్రామ్ పట్టుకుని హ్యూస్టన్ స్టేషన్ చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. తొమ్మిదింటి రైల్లో కోవిడ్ దూరం కోసం సగం సీట్లు ఖాళీగా వదిలేస్తున్నారు కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. టీ బండి రాదు, ఫ్లాస్కు తెచ్చుకోవడం మేలు. అవతలి వరసలో స్వెట్టరు అల్లుతున్న పెద్దావిడ నా ప్రయాణం సంగతి అడిగింది.

“బౌలింగా? మా కార్క్ వైపు రోడ్డు మీద ఇనప గుండు విసురుకుంటూ మైళ్ళకి మైళ్ళు నడుస్తారు, అదేనా?”

కాదని వివరించాను. ఫోన్లో చూసేయొచ్చుగా అంది. మాటిచ్చానన్నాను.

“మాటంటే మాటే. గ్రాండ్,” అని ఇక్కడివాళ్ళ ధోరణిలో మెచ్చుకుని మళ్ళీ సూదులు అందుకుంది. ఆవిడ తన చెల్లెల్ని చూసి ఏడాది దాటిందట, అక్కడికే వెళ్తోంది.

లిమరిక్‌లో రైలు మారి, పన్నెండు దాటాక ఎన్నిస్‌లో దిగాను. అంకుల్ స్టేషన్‌కి వచ్చారు. చొక్కా ఆయనది కానట్టు వేలాడుతోంది. కారు దాకా నడవడానికి రెండుసార్లు ఆగారు. ఇంట్లో సుగుణ ఆంటీ కిటికీలన్నీ తెరిచి, కోడికూర, గోంగూర పచ్చడి పెట్టారు. రెండింటికి అంకుల్ రిమోట్ అందుకున్నారు.

ఈసారి నేను నోరు కుట్టేసుకున్నాను. పదో బంతికి పదీ పడ్డాయి. పదకొండో బంతికీ పడ్డాయి. అంకుల్ గుక్క తిప్పుకోవడం వినిపిస్తోంది. పన్నెండో బంతికి తొమ్మిది పడ్డాయి. మూల పిన్ను ఒకటి అటూ ఇటూ ఊగి, నిలబడిపోయింది. రెండొందల తొంభై తొమ్మిది.

“అయ్యయ్యో,” అన్నాను.

“నాకు తెలుసు,” అన్నారు ఆంటీ, వంటింటి గుమ్మంలోంచి.

అంకుల్ తెల్లబోయారు. “నువ్వు చూశావా? ఎప్పుడు?”

“మిమ్మల్ని తీసకపోయిన మర్నాడు. అంబులెన్సులో నన్ను ఎక్కనియ్యలా, ఆసుపత్రికి రానియ్యలా. ఇల్లు బోసిగా ఉంటే మీ ఆట పెట్టుకున్నా. అన్నీ పడితే మీరు ఇంటికొస్తారనుకున్నా. ఆ ఒక్కటీ పడలా. ఏడుపొచ్చింది.”

“మరి చెప్పలేదేం?”

“ఆట అయ్యేదాకా అనగూడదంటిరిగా.” ఆంటీ చేతులు కొంగుకి తుడుచుకున్నారు. “తర్వాత్తర్వాత, పడకుండా నిలబడ్డ ఆ పిన్ను మీరే అనుకున్నా. మూడు వారాలూ రోజూ వెనక్కి తిప్పి, అది నిలబడేది చూసుకున్నా.”

అంకుల్ రిమోట్ ఆంటీ చేతికిచ్చారు. ఆమె ఎక్కడా తడుముకోకుండా సరిగ్గా ఆ బంతి దగ్గరికి తిప్పారు. ముగ్గురం ఇంకోసారి చూశాం. నాకు కళ్ళు నిండిపోయాయి.

తిరుగు రైలు నాలుగున్నరకి. వద్దన్నా అంకుల్ ప్లాట్‌ఫాం మీదికి వచ్చారు. పర్ఫెక్ట్ గేమ్ చూడాలని ఇంతదూరం వెళ్ళిన మనిషిని, ఒక్క పిన్ను మిగిలిపోయినందుకు ఇంత సంతోషంగా తిరిగొస్తాననుకోలేదు. రైలు కదిలింది. ఆయన ఒక చెయ్యి స్తంభానికి ఆనించి, కొద్దిగా ఊగి, నిలదొక్కుకున్నారు. కనబడినంతసేపూ అలాగే చూశాను. పైకి మాత్రం ఏమీ అనలేదు.