నీడపట్టు పని

మా ఆయన చొక్కాను నానబెడదామని బకెట్టులో వేయబోతూ ఆగిపోయాను. అది పొడిగా ఉంది. ఎండాకాలంలో మగ్గాల కార్ఖానా నుంచి వచ్చాక ఆ చొక్కాను పిండితే నీళ్లు కారేవి. గడపలో కూర్చున్న ఆయన వైపు తిరిగాను. ముఖం కందిపోయింది, ఒంటి మీద చెమట చుక్క లేదు. ఎదురుగా నిలబడ్డ మా పిల్లల్లో చిన్నదాన్ని పెద్దవాడి పేరుతో పిలుస్తున్నాడు. పిల్లలు అది ఆటనుకొని నవ్వుతున్నారు.

తడి దుప్పటి చుట్టి, పక్కింటి వదిన తెచ్చిన ఐసుముక్కలు చంకల్లో పెట్టి, ఆటోలో దవాఖానాకు తీసుకుపోయాం. డాక్టరు వడదెబ్బ అన్నాడు. మనిషి కోలుకొని ఇంటికి వచ్చాక, చూడవచ్చిన వాళ్లందరికీ ఒకటే మాట చెప్పాడు: "ఏం లేదు, జరం వచ్చింది."

వాళ్లు వెళ్లాక అడిగాను. "జరం ఏంది? వడదెబ్బ గదా."

"ఊకోవే. సాంచాల మీద పనిజేసేటోనికి వడదెబ్బ అంటే నవ్వుతరు. నేనేమన్న ఎండల ఇటుకలు మోస్తున్ననా?"

ఆ మాట నాకు అర్థమైంది, అందుకే భయం వేసింది. మా వాళ్లకు సాంచాల పని, అంటే మరమగ్గాల పని, నీడపట్టు పని. సంబంధం చూసినప్పుడు మా నాన్న కూడా ముందు చెప్పింది అదే: పిల్లవాడు నీడన ఉండి సంపాదిస్తాడని. తెలంగాణ ఊళ్లలో పొలం పని చూసి వచ్చిన కుటుంబాలకు అది గౌరవం. పైన రేకులు కాలుతున్నా, గాలికి పడుగు పోగులు కదులుతాయని ఫ్యాన్లు ఆపి, కిటికీలు మూసి నేసినా సరే, అది నీడే.

అప్పటికి నేను, మా తెలుగువాళ్లు వలస వచ్చి ఉంటున్న లింబాయత్ గల్లీల్లో ఒక పరిశోధన బృందం కోసం తెలుగులో ప్రశ్నలు అడిగే పని చేస్తున్నాను. వాతావరణ మార్పును మామూలు జనం ఎలా అర్థం చేసుకుంటున్నారన్నది వాళ్ల విషయం. పని నేర్పేటప్పుడు ఆ బృందాన్ని నడిపే మేడం ఈ పరిశోధన నడిచిన దారి చెప్పింది. మొదట్లో పరీక్ష పెట్టినట్టు అడిగేవారట, భూమి ఎందుకు వేడెక్కుతోంది, ఏ వాయువు వల్ల అని. తెలియని వాళ్లకు తెలియజెబితే చాలనుకున్నారు. తెలిసినా జనం ఏమీ మార్చుకోకపోవడం చూసి, నమ్ముతున్నారా, భయపడుతున్నారా అని అడగసాగారు. ఇప్పుడు చాలామంది పరిశోధకులు ఇంకో వైపు వస్తున్నారు. జనం తమ బతుకులో దాన్ని ఎక్కడ చూస్తున్నారు, ఏ మాటతో చెబుతారు, ఎవరు చెబితే వింటారు అని అడుగుతున్నారు. ఆ గల్లీల మనిషినని నన్ను తీసుకున్నది దీనికోసమే.

నా ప్రశ్నల్లో ఒకటి: ఎండలు ముదరడం వల్ల మీకు ప్రమాదం ఉందనుకుంటున్నారా? మగ్గాల వాళ్లంతా, మా ఆయనతో సహా, "మాకేంది? మేం నీడల ఉంటం" అన్నారు. నేను అలాగే రాసుకున్నాను.

మేడంకు ఇంట్లో జరిగింది చెప్పాను. "మరి నువ్వైతే ఎలా అడుగుతావు?" అంది. డిగ్రీ చదివినా నన్ను ఆ మాట అంతకుముందు ఎవరూ అడగలేదు. ఆలోచించి, పని నుంచి ఇంటికి రాగానే ముందుగా ఏం చేస్తారని అడుగుతానన్నాను. సరే, అడిగి చూడమంది.

ఆ ప్రశ్నకు గల్లీ గల్లీ నోరు తెరిచింది. ఒకాయన బట్టలతోనే నల్లా కింద కూర్చుంటాడట. ఒకాయన అన్నం చూస్తేనే కడుపులో తిప్పి, వట్టి నేల మీద పడుకుంటాడట. "ఇదివరకు గిట్ల లేకుండె," అని వాళ్ల ఆడవాళ్లు వెనక నుంచి అందించేవారు. అయినా ఎవరూ దాన్ని వడదెబ్బకు దగ్గరి సంగతి అనలేదు.

మా ఆయన మళ్లీ అదే రేకుల కింద పనిలోకి దిగాల్సిన రోజు దగ్గరపడింది. జరం వచ్చి తగ్గిన మనిషిని పక్కవాడు కనిపెట్టుకొని ఉండడు. రాత్రిళ్లు లేచి ఆయన నుదురు ముట్టి చూసేదాన్ని. ఇది రాస్తూ కూడా లేచి వెళ్లి నిద్రలో ఉన్న అందరి నుదుళ్లు ముట్టి చూసి వచ్చాను.

నా ప్రశ్నకు వచ్చిన జవాబులు చూసి, సెలవు రోజు సాయంత్రం మేడం గల్లీ మగవాళ్లను మాట్లాడించడానికి మా డాబా మీద కూర్చోబెట్టింది. చాయ్ తాగుతూ వాళ్లకు వేళాకోళం ఎక్కువైంది.

"మేడమ్‌కు ఏం జెప్పాలె మామా? సేఠ్‌కు ఏసీ పెట్టుమని రాసిస్తదా?"

"ఏసీ పెడితే నువ్వు సాంచా మీదనే పంటవు గదరా!"

అందరూ నవ్వారు. మా ఆయన నవ్వలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టి, "నాకొచ్చింది జరం గాదు," అన్నాడు. "వడదెబ్బ. నా బిడ్డ పేరే యాదికి రాలే."

వరసకు మామ అయ్యే పెద్దాయన, "నీడల వడదెబ్బ ఏందిరా?" అన్నాడు.

"రేకుల కింద నీడ యాడిదే మామా? పొయ్యి మీద మూత పెట్టినట్టుంటది."

పెద్దాయన తల వంచుకొని, పోయిన ఎండాకాలం తానూ పడుగు చుట్టిన బీము పక్కన పడిపోయానని, బీపీ అని చెప్పుకున్నానని అన్నాడు. తర్వాత ఒకరి మీద ఒకరు పడి మాట్లాడారు. ఒకడు నీళ్లకు, గాలికి బయటికి పోతే పక్కవాడు అతని సాంచాలు కూడా చూడాలని, మాట తడబడిన వాణ్ని వెంటనే పని నుంచి లేపాలని వాళ్లే అనుకున్నారు. పడుగుకు దూరంగా ఉన్న కిటికీలు తెరవమని కార్ఖానా యజమాని సేఠ్‌ను అడగడానికి మా ఆయన, పెద్దాయన వెళ్లారు.

"కప్డా బిగ్డా తో?" బట్ట చెడితే ఎలా అన్నాడట సేఠ్.

"బట్ట మేం జూసుకుంటం సేఠ్. మనిషి పోతే ఎవరు జూస్తరు?"

సణుగుతూనే ఒప్పుకున్నాడు. నాకు భయం పోలేదు, ఎండాకాలం ఇంకా ఉంది. కానీ పెళ్లయ్యాక ఆ మనిషిని చూసి నేను అంత గర్వపడిన రోజు ఇంకొకటి లేదు. నా ప్రశ్న ఆ డాబా దాకా దారి చూపిందని నన్ను చూసుకొని కూడా కొంచెం గర్వపడ్డాను.

మర్నాడు పొద్దున ఆయన అన్నం డబ్బా పట్టుకొని పనికి వెళ్లాక పెద్దవాడు బూట్లు వేసుకుంటూ అడిగాడు. "మమ్మీ, దోస్తులు పప్పాకు ఏమైందని అడుగుతున్నరు. జరం అని చెప్పనా?"

"వద్దు," అన్నాను. చిన్నదాన్ని కూడా దగ్గరికి పిలిచాను. "కార్ఖానాల వడదెబ్బ తగిలిందని చెప్పుర్రి. వాళ్ల పప్పాలు గూడ రేకుల కిందనే పనిజేస్తరు. వాళ్లను గూడ ఇంటికి పోయి చెప్పుమనుర్రి."