రామక్క ఒప్పుకోని వాక్యం

2023, అరవవాళ్ల ఆడి మాసం. మదురైలో హైకోర్టుకు వెళ్లే దారిలో మా వకీలమ్మ ఆఫీసు. నేను అక్కడ గుమస్తాను. నా బడి చదువు ఐదో తరగతితో ఆగింది, అదీ అరవంలో. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నాకు నేనే దిద్దుకున్నాను. చట్టాన్ని కోర్టు వరండాల్లో నిలబడి విని నేర్చుకున్నాను. తేని జిల్లా వైపు నుంచి మన భాష మాట్లాడే రైతులెవరు వచ్చినా వకీలమ్మ మొదట నా బల్ల దగ్గరికే పంపుతుంది.

అలా వచ్చినవాడే సెల్వరాజు. ప్రభుత్వ బస్సు డ్రైవరుగా ఎంపికయ్యాడు. పోలీసు వెరిఫికేషన్‌లో అతని మీద పాత కొట్లాట కేసు ఒకటి బతికే ఉందని తేలింది. అది పోతే తప్ప ఉద్యోగం లేదు. వస్తూనే ఫోన్ తీసి ఏదో విదేశీ వ్యాసం చూపించాడు.

"దీన్ని ఎక్స్‌పంజ్‌మెంట్ అంటారంట అయ్యా. రికార్డు మొత్తం తుడిచేస్తారంట. అది చేసి ఇయ్యండి."

"ఆ దేశానికి పోయి కొట్టి ఉంటే తుడిచేవాళ్లు తంబీ. ఇక్కడ కొట్టినావు, ఇక్కడి దారి వేరే."

మన దగ్గర పద్దెనిమిదేళ్లు దాటినవాళ్ల కేసులకు అలా తుడిచే పద్ధతి లేదు. ఉన్నది క్వాష్ పిటిషన్. అంటే కేసును రద్దు చేయమని హైకోర్టును అడగడం. చిన్న గొడవల్లో ఇరుపక్షాలు రాజీపడి, దెబ్బ తిన్న మనిషి స్వయంగా వచ్చి సమ్మతి చెబితే జడ్జి రద్దు చేయవచ్చు.

"దెబ్బ తిన్నది ఎవరు?"

"మా మేనత్త."

"ఇప్పుడు ఎక్కడుంది?"

"మా ఇంట్లోనే అయ్యా. ఆమె బిడ్డనే కదా నేను కట్టుకున్నది."

సంగతి ఇదీ. సెల్వరాజు తండ్రికీ, ఆయన చెల్లెలు రామక్కకూ ఉమ్మడి బావి. నీళ్ల వంతు దగ్గర మాటా మాటా పెరిగి, సెల్వరాజు పార కర్రతో మేనత్త రామక్క మణికట్టు మీద కొట్టాడు. ఆమె స్టేషన్‌కు పోయి ఫిర్యాదు ఇచ్చింది. తర్వాత ఊరి పెద్దలు రాజీ చేశారు. రెండిళ్ల మగవాళ్లు ఒకే పంక్తిలో కూర్చుని తిన్నారు. పిల్లకూ ఇతనంటే ముందునుంచీ ఇష్టమే గనుక, రాజీ గట్టిపడుతుందని పెళ్లి కూడా చేసేశారు.

"మరి కేసు?"

"ఎస్సై పెళ్లికి వచ్చినాడు కదయ్యా! మొదటి పంతిలో కూసోని తిన్నాడు. ఫోటోలో కూడా ఉన్నాడు. కేసు పెట్టుకున్నవాడు అట్ల తింటాడా?"

నాకు ఒళ్లు మండింది. ఎస్సై పాయసం తాగితే కోర్టులో కేసు కరిగిపోతుందా? చార్జిషీటు, అంటే పోలీసులు నేరం మోపి కోర్టుకిచ్చే పత్రం, ఎప్పుడో మేజిస్ట్రేటు దగ్గరికి చేరింది. సమన్లు అందించే దిక్కు లేక అక్కడే పడి ఉంది.

మరుసటి వారం రామక్కను తీసుకొచ్చాడు. వంగని నడుము, చురుకు చూపు. సంతకానికి ముందు అఫిడవిట్‌ను, అంటే ప్రమాణం చేసి ఇచ్చే వాంగ్మూలాన్ని, తెలుగులో చెబుతూ పోయాను. "అపార్థం వల్ల ఫిర్యాదు ఇచ్చాను. అటువంటి సంఘటన ఏదీ జరగలేదు..."

"ఆపన్నా. జరగలేదని ఎవరు చెప్పినారు?"

"అత్తా, అది సుమ్మా ఊరికే రాసేది," అన్నాడు సెల్వరాజు. "కైయెళుత్తు పెట్టు. నాకి ఉద్యోగంలో చేరే గడువు ముగుస్తా ఉంది."

"నువ్వు ఊరుకోరా మాప్పిళ్ళ," అంది రామక్క అల్లుడితో. "దెబ్బ నీ చేతికి తగల్లే."

నాకూ విసుగొచ్చింది. "అమ్మా, కేసు పోవాలనే కదా వచ్చినావు?"

"కేసు పోవాల. అది నా బిడ్డ కూడు. అయితే పెద్దలు రాజీ చేసినప్పుడు నన్ను పిలిచినారా? మా అన్న, నా మొగుడు కూసోని ముగించినారు. నేను లోపల వాచిన చేత్తో వాళ్లకి అన్నం వారుస్తా ఉండా. ఈ పొద్దు దాకా వీడు 'కొట్టినాను అత్తా' అని ఒగ మాట అన్లే. ఇప్పుడు నేనే జరగలేదని రాసియ్యాల్నా?"

సెల్వరాజు విసురుగా బయటికి పోయాడు. నా కోపం కూడా అతని వైపే తిరిగి, వెనకే వెళ్లాను. టీ కొట్టు దగ్గర దొరికాడు.

"ఇంట్లో పెట్టుకొని చూస్తా ఉండా కదయ్యా. అది చాలదా?"

"చాలదు తంబీ. కూడు పెట్టేది వేరు, మాట చెప్పేది వేరు. ఆమె కోర్టుకి వచ్చేది నీ కోసరం. ఆ ఒక్క మాట చెప్పేదానికి నువ్వు ఆ గడప దాటి లోపలికి పోలేవా?"

సెల్వరాజు తాగని టీ అక్కడే వదిలేశాడు. లోపలికి వచ్చి, కూర్చోకుండా, గోడకేసి చూస్తూ అన్నాడు.

"కొట్టినాను అత్తా. ఆ పొద్దు నీళ్లు మా వంతు కూడా కాదు. తెలిసే కొట్టినాను."

"మీ వంతు కాదని నాకి తెల్సు," అంది రామక్క. కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇంగ రాయన్నా. కొట్టినాడు, క్షమించినాను. అంతే."

అఫిడవిట్ తీసుకెళ్లి చూపిస్తే వకీలమ్మ ఆ పాత వాక్యం కొట్టేసి, జరిగింది జరిగినట్టే రాయించింది.

కోర్టులో జడ్జిగారు రామక్కను ముందుకు పిలిచి అరవంలో అడిగారు. "ఎవరైనా బలవంతం చేశారా అమ్మా?"

"లేదు సామీ. కొట్టినాడు, ఒప్పుకున్నాడు. వదిలేసినాను."

"మళ్లీ కొడితే?"

"అప్పుడు మీ దాకా రాను సామీ. నా చెయ్యి ఇప్పుడు నయమై ఉంది."

కోర్టంతా నవ్వింది. జడ్జిగారు నవ్వాపుకుని కేసు రద్దు చేశారు. గడువు లోపలే ఉత్తర్వు చేతికొచ్చింది. సెల్వరాజు ఇప్పుడు తేని బస్సు నడుపుతున్నాడు.

ఇన్నేళ్లుగా ఎన్నో రాజీలు చూశాను. "జరగలేదు" అని రాస్తేనే రికార్డు శుభ్రపడుతుందని మేమంతా అనుకునేవాళ్లం. జరిగిందని చెప్పి కూడా వదిలేయవచ్చని రామక్క నేర్పింది. ఇప్పుడు రాజీ అయిపోయిందంటూ నలుగురు మగవాళ్లు నా బల్ల ముందు నిలబడితే, కాగితం తీయకముందే అడుగుతాను, దెబ్బ తిన్న మనిషిని అడిగారా అని. సగంమంది తిరిగి బస్సెక్కుతారు, అడిగి రావడానికి.