అత్త కట్టిన పోకముడి

మా అత్తకు వదులు అనేది గిట్టదు. మంచం నులక వదులైనా, దూడ పలుపు వదులైనా, కోడలి చీర వదులైనా ఒకటే కోపం. నేను కాపురానికి వచ్చిన మర్నాడు నలుగురు ఆడవాళ్ళ ముందే నా చీర ముడి విప్పి, మోకాలు నా తుంటికి ఆనించి, బలంగా లాగి మళ్ళీ కట్టింది. నడుము దగ్గర చీరను నిలిపే ఆ ముడిని పోకముడి అంటాం. లోపావడాలు మా ఊళ్ళోకి ఇంకా రాలేదు. చీర బరువంతా ఆ ముడి మీదే.

"ఏమ్మే, నెత్తిన గంప పెట్టుకోని చిత్తూరు దాకా నడవాల్సినదానివి. సంతలో చీర జారితే పొయ్యేది నీ మానం కాదు, నా మానం" అంది.

అప్పటినుంచీ అలాగే కట్టాను. మామిడి కాలంలో కాయల గంప, ఆ కాలం పోతే చెనిక్కాయల గంప. ముడి ఎంత బిగుతంటే, కడుపునిండా తింటే ఊపిరాడేది కాదు. కొన్నేళ్ళకు నడుము చుట్టూ చర్మం పొట్టు రేగి తెల్లటి చార పడింది. మా ఇళ్ళలో పెళ్ళయిన ఆడవాళ్ళందరికీ ఆ చార ఉండేది. స్నానాల దగ్గర చూసుకునేవాళ్ళం, నవ్వుకునేవాళ్ళం. దాన్ని జబ్బని ఎవరు అనుకుంటారు?

యుద్ధం రోజుల్లో రేషను మీద ఇచ్చే కంట్రోలు చీరలు వచ్చాయి. వాటికంటే గోనెసంచి నయం. అప్పటికి నాకు నలభై దగ్గర పడుతున్నాయి. ఎడమ పక్క, సరిగ్గా ముడి పడే చోట, దురద మొదలైంది. గోకితే పుండైంది. వేపాకు నూరి పెట్టాను, పసుపు, ఆముదం పెట్టాను. పైన పక్కు కట్టేది, ముడి రాపిడికి మళ్ళీ ఊడేది. అంచులు గట్టిపడి లేచాయి. నొప్పి మాత్రం లేదు. నొప్పి ఉండుంటే ఎవరితోనైనా చెప్పి ఏడ్చేదాన్నేమో.

చెప్పడానికి నోరెలా వస్తుంది? పుండు ఉన్న చోటు అలాంటిది. మా ఆయన కాయల బండ్లతో మద్రాసు వెళ్ళొస్తుంటాడు. ఊరివాళ్ళ నోళ్ళు ఊరుకోవు. ఆయన అక్కడినుంచి చెడ్డ రోగం తెచ్చి నాకంటించాడని ఒకరంటారు, కాదు ఆమే తెచ్చుకుందని ఇంకొకరంటారు. ఈ మాటలు ఎవరూ అనకముందే నా చెవుల్లో మోగేవి. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. చీము పైకి కనపడకుండా పాతగుడ్డ మడిచి పుండు మీద పెట్టి, దాని మీద ముడి ఇంకా బిగించేదాన్ని. నా తెలివి అలా తెల్లారింది!

వాసన మొదలయ్యాక మా ఆయనకు దూరంగా పడుకున్నాను. చివరికి కొండకు మొక్కుకున్నాను. అలిపిరి దగ్గర కొబ్బరికాయ కొట్టి, మెట్లెక్కి, స్వామి ముందు నిలబడి నా పుండు సంగతి మనసులో చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడి, పిల్లల గురించి మొక్కుకుని దిగాను. దిగేటప్పుడు పుండు పగిలింది. చీర తడిసింది. వెనక వస్తున్న మా ఆయన నెత్తురు చూసి పక్కకు లాక్కెళ్ళాడు.

"ఏందిది?"

"ఏం లే."

"ఏం లేకుండా నెత్తురొస్తాదా? సూపీ."

అక్కడే, చెట్టు చాటున, పెళ్ళయిన ఇన్నేళ్ళకు మొగుడికి నడుము చూపించడానికి నేను వెక్కివెక్కి ఏడ్చాను. ఆయన చూసి, తలపాగా విప్పి నా నడుముకు చుట్టాడు.

ఇంట్లో అత్త అడ్డం పడింది. "ఆసుపత్రికి బోయి మగోళ్ళకి నడుము సూపిస్తావా? మన ఇంట్లో ఆడోళ్ళు ఎవురన్నా ఆ పని జేసినారా?" అని అరిచింది. మా ఆయన మొదటిసారి తల్లికి ఎదురు చెప్పాడు. బొగ్గుతో నడిచే బస్సులో, ముక్కులోకి పొగ పోతుండగా, నన్ను మిషను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ ఆడ డాక్టరు ఉంది, దొరసాని.

ఆమె చీర విప్పమంది. నేను ముడిని రెండు చేతులతో పట్టుకుని గోడకు తిరిగాను. ఆమెది పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు. "అమ్మా, మీరు సిగ్గుపడవలదు, ఇచ్చట అందరమూ స్త్రీలమే" అంది. ఆ మాటలకు నాకు నవ్వొచ్చింది, నవ్వులో చేతులు సడలాయి. తర్వాత నలుగురు పడుచుపిల్లలను పిలిచింది. డాక్టరు చదువుకునేవాళ్ళట. వాళ్ళంతా వంగి నా నడుము చూస్తుంటే, భూమి చీలితే బాగుండుననుకున్నాను. నాలుగేళ్ళ పిల్లలాగా కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

ఆమె పుండు అంచులు నొక్కింది, గజ్జల్లో వేళ్ళు పెట్టి బిళ్ళలు కట్టాయేమోనని తడిమింది. చిన్న ముక్క కోసి, అద్దం కింద పెట్టి చూడాలని నన్ను అక్కడే ఉంచేసింది. తర్వాత చెప్పింది, అది రాచపుండని.

రాచపుండంటే మా వైపు చావే. మా ఆయన గుమ్మం దగ్గరే కూలబడ్డాడు. దొరసాని విసుక్కుంది. "వినండి. ఇది చర్మములోనే ఉన్నది. బిళ్ళలు లేవు. చుట్టూ మంచి చర్మము కూడా కొంత కలిపి కోసివేసెదము. మీరు బ్రతికెదరు."

"ఏం పాపం జేసినానమ్మా?" అని అడిగాను.

ఆమె నా చీర ముడిని వేలితో చూపించింది. పాపం కాదు, అంటుకునేదీ కాదు. ఏళ్ళ తరబడి ఒకే చోట బిగించిన బట్ట రాపిడికి చర్మం చెడుతుంది, తెల్లబడుతుంది, పొట్టు రేగుతుంది, మానని పుండవుతుంది. అలాంటి పుండ్లలో ఏదో ఒకటి ఇలా మారుతుందట. పంచె బిగించే మగవాళ్ళకూ వస్తుందట. "ఇకమీదట ముడి క్రింద రెండు వేళ్ళు దూరవలెను" అని తన వేళ్ళు దూర్చి చూపించింది.

మత్తు వాసన చూపించి కోశారు. అరచేయంత మచ్చ మిగిలింది, నేను మిగిలాను.

ఇంటికొచ్చాక ముడి వదులుగా, పుండున్న చోటికి పైన కట్టుకున్నాను. అత్త ఊరుకుంటుందా? "ఆసుపత్రికి బోయి దొరసాని అయిపోయిందమ్మా, సీర జారిపోతాండాది సూడండి" అని పక్కింటివాళ్ళకు వినపడేలా ఎత్తిపొడిచింది. నాకు ఒళ్ళు మండింది. తలుపు వేసి, కుచ్చిళ్ళు కిందికి లాగి, మచ్చ చూపించి, దొరసాని చెప్పిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. "నువ్వు కట్టిన ముడే అత్తా ఇది!" అన్నాను.

అత్త మచ్చను చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను. "కోసేటప్పుడు అందురూ ఉంటారా?" అని అడిగింది. ఉంటారన్నాను. "గుడ్డలు పూరాగా ఇప్పమంటారా?" అంది. విప్పమంటారన్నాను. "సిగ్గులేని పని" అని బయటికి వెళ్ళిపోయింది. ముసలిదానికి వింతగా ఉందనుకున్నాను.

మామిడి పూత నాటికి అత్త కుంటడం మొదలుపెట్టింది. కాలు బెణికిందంది. ఒకరోజు స్నానాల గదిలో జారిపడితే లేపడానికి పరుగెత్తాను. తడిచీర నడుము దగ్గర ముద్దగా ఉంది. వద్దు వద్దని కొడుతున్నా తీసి చూశాను. నాది అణా బిళ్ళంత పుండు. ఆమెది పిడికిలి దూరేంత ఉంది. మాసిన గుడ్డలు దాని నిండా కుక్కుకుంది. గజ్జల్లో బిళ్ళలు నిమ్మకాయలంత, రాయిలాగా ఉన్నాయి.

"ఎన్నాళ్ళనించి అత్తా?"

"నీకంటే ముందునించే."

"మరి నేను సెప్పినప్పుడన్నా సెప్పొచ్చు గదా!"

ఆమె గోడవైపు తిరిగింది. ఇన్నేళ్ళలో ఆమె కళ్ళల్లో నీళ్ళు నేను చూడలేదు. "గట్టిగా కట్టుకోమని నిన్ను తిట్టినదాన్ని నేనే గదా. నాకూ అదే అని నీ ముందర యే మొగం పెట్టుకోని సెప్పేదే?" అంది.

దొరసాని దగ్గరికి తీసుకెళ్ళాం. ఈసారి గోడకు తిరిగింది దొరసానే. బయటికొచ్చి, బిళ్ళలు కట్టకముందు తెచ్చి ఉండవలసినది అంది. అత్త నొప్పికి మందిచ్చి పంపించారు. వచ్చేటప్పుడు బస్సులో అత్త నా చెయ్యి పట్టుకుంది. పుండు సంగతి ఊళ్ళో చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. కాలునొప్పనే అందరికీ చెప్పాను.

కాయలు కోతకు రాకముందే పోయింది. నీళ్ళు పోసేటప్పుడు అందర్నీ బయటికి పంపించాను, ఆమె నడుము ఎవరి కంటా పడకుండా. తర్వాత చీర కట్టడానికి ఇద్దరు ముసలమ్మలు లోపలికొచ్చారు. నేను ముడి వేస్తుంటే ఒకామె కసిరింది.

"బిగించి కట్టమ్మే! ఎత్తేటప్పుడు జారిపోతాది. బతికినన్నాళ్ళూ వదులు కట్టిన మనిషి కాదు."

"జారితే నేను పట్టుకుంటాలే" అన్నాను.

ముడి కింద రెండు వేళ్ళు దూర్చి చూశాను. దూరలేదు. విప్పి, మళ్ళీ కట్టాను.