పైనుంచి పట్టిన చెయ్యి

పొద్దున పదింటికి, టీ విరామంలో, కెలెబోన్యె ఎడమ చేతి వేళ్లను వేడినీళ్ల మగ్గులో ముంచి కూర్చుంటుంది. గాంజీ ఊళ్లో ఒక మాంసం కొట్టులో ఆమె పని శీతల గదిలో. కొక్కేనికి గుచ్చిన ఎద్దు తొడను ఎడమ చేత్తో లాగి పట్టుకుని, కుడి చేత్తో కోయాలి. టీ వేళకు వేళ్లు కర్రల్లా బిగుసుకుపోతాయి. మిగతావాళ్లు కత్తి పట్టే చేతిని ముందు కాచుకుంటారు. ఈమె ఎడమ చేతినే కాచుకుంటుంది.

"ఉడికిందా అక్కా? ఉప్పెయ్యమంటావా?" అంటారు తోటివాళ్లు.

"ఇంకా పచ్చిగానే ఉంది. నీ పని చూసుకో," అంటుంది.

ఆ చెయ్యి ఆమెకు గిటారు మీద కావాలి.

కెలెబోన్యెకు నలభై నాలుగేళ్లు. కూతురు మావున్‌లో చదువుకుంటోంది. భర్త ఒకడు ఉండేవాడు. ఇప్పుడు ఫ్రాన్సిస్‌టౌన్‌లో ఇంకెవరికో ఉన్నాడు. ఏటా సెప్టెంబరు చివర్లో గాంజీ మైదానంలో రాకర్లంతా, అంటే రాక్ పాటల పిచ్చివాళ్లంతా, చేరే రోజున, వేదిక వెనక పొయ్యి పెట్టి సెస్వా, అంటే ఉడికించి దంచిన గొడ్డు మాంసం, జొన్న సంకటితో కలిపి అమ్ముతుంది. ఎండ మండిపోతున్నా అందరిలాగే నల్ల తోలు కోటు వేసుకుంటుంది. తన కోటు తనే కుట్టుకుంది, కొట్టులో మిగిలిన చర్మాలతో. ఏళ్లుగా ఆమె ఆ పాటలన్నీ వేదిక వెనక నుంచే, పొగలోంచే విన్నది.

ఊళ్లో పేరున్న బృందం స్కోరోకోరో. ఆ మాటకు డొక్కు కారని అర్థం. బృందం పెద్ద ఒలెబిలె పగలంతా బోరుబావుల డీజిల్ పంపులు బాగు చేస్తాడు, అందుకే అందరూ డీజిల్ అంటారు. పాడేదీ, లావు తీగల బేస్ గిటారు వాయించేదీ ఆయనే. మే నెలలో వాళ్ల గిటారు మనిషికి గనిలో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. మర్నాటికే కబురు మాంసం కొట్టుకు చేరింది. రెండు రోజుల తర్వాత డీజిల్ మాంసం కోసం వచ్చాడు.

"మీ బృందంలో గిటారు ఖాళీ అయిందటగా," అంది కెలెబోన్యె, పొట్లం కడుతూ.

"అయింది. నీకెందుకు?"

"నేను వాయిస్తా."

డీజిల్ నవ్వలేదు. అది ఆయనలో మంచి గుణం. "ఏం వాయిస్తావు? మీ మామయ్య ఆవుల పాటలా?"

"నీ పాట."

ఏ పాటో ఇద్దరికీ తెలుసు. స్కోరోకోరో ఎప్పుడూ దానితోనే ముగిస్తుంది. సముద్రాల అవతల నుంచి క్యాసెట్టులో వచ్చిన పాట, డీజిల్ కంటే వయసులో పెద్దది. మొదలు మామూలు రాక్ పాటే, గట్టిగా, సూటిగా సాగుతుంది. మధ్యకు వచ్చేసరికి డ్రమ్ములు మెత్తబడి, పాట జాజ్ లోకి జారుకుంటుంది. నాలుగైదు స్వరాలు ఒకేసారి మోగే పట్లు ఒకదాని మీంచి ఒకటి, తడి నేల మీద అడుగుల్లా జారుతూ పోతాయి. ఆపైన మళ్లీ హోరు. ఆ మధ్య భాగం రెండు నిమిషాలు కూడా ఉండదు. గాంజీ రాకర్లు ఏడాదంతా దాని కోసమే చూస్తారు. అక్కడ తప్పినవాణ్ణి మర్చిపోరు.

"మధ్య భాగంతో సహానా?" అన్నాడు డీజిల్.

"అది లేకపోతే నీ పాట ఎందుకవుతుంది?"

"సరే మ్మా," అన్నాడు. అక్కడ మర్యాదకు ఆడవాళ్లను మ్మా అనీ, మగవాళ్లను ర్రా అనీ పిలుస్తారు. "ఆగస్టు ఆఖరుకి మొత్తం వాయించి చూపించు. లేదంటే రాజధాని గాబరోన్ నించి ఒకణ్ణి పిలుస్తా, వాడు కాలేజీలో నేర్చుకున్నవాడు. ఇంకో మాట. ఆరు తీగలు. చెయ్యి కింద నుంచి. పైనుంచి పట్టుకుని వస్తే గేటు దగ్గరే ఆపేస్తా."

ఆమె ముఖం మారింది గాని, పొట్లం అందించి సరేనంది.

ఆ ప్రాంతపు పశువుల మందల దగ్గర గిటారు పట్టే పద్ధతి వేరు. ఎడమ చేతిని గిటారు మెడ మీదుగా, పైనుంచి కిందికి వేలాడేసి తీగలు నొక్కుతారు. తీగలూ నాలుగే, మూడు సన్నవి, ఒకటి లావుది. ఎప్పుడో ఎవడో అలా పట్టుకున్నాడు, చూసినవాళ్లు అలాగే నేర్చుకున్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు. కెలెబోన్యెకు నేర్పింది మేనమామ తిరో. తప్పిపోయిన ఆవుల మీదా, తప్పిపోయిన మొగుళ్ల మీదా ఆయన కట్టిన పాటలన్నీ ఆమెకు వచ్చు. పెళ్లిళ్లలో ఆమె వాయిస్తే ముసలమ్మలు లేచి ఆడతారు. కింద నుంచి మాత్రం ఆమె గిటారును ఎన్నడూ పట్టుకోలేదు.

తన గిటారుకు ఇంకో రెండు తీగలు బిగించి జూన్‌లో మొదలుపెట్టింది. భోజనం వేళ కొట్టు వెనక, ఆదివారాలు ఇంటి ముందు. ఫోన్‌లో పాఠాలు చూసింది. పైనుంచి చూపుడు వేలు చేసే పని కింద నుంచి చిటికెన వేలికి పడుతుంది. ముప్పై ఏళ్లుగా పని తెలిసిన వేలు పక్కకు తప్పుకుని, ఏ పనీ రాని వేలు ముందుకు రావాలి. మణికట్టు వాచింది. గుడ్డ కట్టుకుని కూర్చుంది. మొదటి హోరు వచ్చింది, చివరి హోరు వచ్చింది. మధ్య భాగం దగ్గర వేళ్లు పశువుల సంతలో తప్పిపోయిన పిల్లల్లా నిలబడిపోయేవి.

జూలై చివర్లో డీజిల్ పెరట్లో, బోరు గొట్టాల మధ్య, బృందంతో కలిసి ఒకసారి వాయించింది. నాలుగో పట్టు కోసం ఆమె వేళ్లు వెతుక్కునేలోపు మిగతావాళ్లు ఎనిమిదో దాంట్లో ఉన్నారు. డ్రమ్ములు వాయించే మనిషి మావున్‌లో నది ఒడ్డున పుట్టినవాడు. కర్రలు ఆపి అన్నాడు: "అక్కా, పాట అవతలి ఒడ్డుకి చేరిపోయింది. నువ్వింకా చెప్పులు విప్పుతున్నావు."

డీజిల్ వైర్లు చుట్టేశాడు. ఆ సాయంత్రమే గాబరోన్‌కు ఫోన్ చేశాడని తర్వాత తెలిసింది.

ఆగస్టు రెండో వారంలో మామయ్య తిరో పశువుల టీకా మందు కోసం ఊళ్లోకి వచ్చాడు. మేనకోడలి ఇంటి ముందు బల్ల మీద కూర్చుని, మూడు చెంచాల పంచదార వేసుకుని టీ తాగుతూ ఆమె సాధన కాసేపు విన్నాడు.

"ఏమే పిల్లా, ఎవర్ని శిక్షిస్తున్నావు?"

"పాట నేర్చుకుంటున్నా మామయ్యా."

"మరి చెయ్యి అలా కింద నుంచి పెట్టావేం, కోళ్ల గూట్లో గుడ్లు దొంగిలిస్తున్నట్టు?"

"డీజిల్ అలాగే పట్టుకోమన్నాడు."

"డీజిలా, పంపులాయనా? నా బోరు మూడుసార్లు బాగుచేశాడు. ఇంకా నీళ్లు రాలేదు."

ఆమె నవ్వకుండా ఫోన్‌లో పాట పెట్టింది. ముసలాయన కళ్లు మూసుకుని విన్నాడు. మధ్య భాగం వచ్చినప్పుడు ముఖం చిట్లించాడు.

"దీనికి ఇల్లెక్కడో తెలీదు. కూర్చునే చోటు కోసం తిరుగుతోంది."

"అదే దాని అందం."

"అందమైతే కానీ. నలుగురే తిరుగుతున్నారు గదా, దానికి ఆరు తీగలెందుకు?"

"నలుగురేంటి?"

"గొంతులే. నాకు నాలుగే వినపడుతున్నాయి. చెవి మందగించిందేమో మరి."

గిటారు తీసుకుని తనూ ప్రయత్నించాడు. రెండో పట్టు దగ్గరే వదిలేసి, ఇది ఆవులు కాసేవాళ్లు వాయించేది కాదని తేల్చాడు. సంకటి తిని, మందు సీసాలు సంచిలో వేసుకుని బండెక్కాడు.

ఆ తర్వాతి ఆదివారమంతా కెలెబోన్యె పాటను ముక్కలుగా కోసి విన్నది. మామయ్య చెవి పూర్తిగా నిజం చెప్పలేదు. రెండు చోట్ల అయిదో స్వరం కూడా ఉంది. కాని అది తీసేసినా పట్టు రుచి పోవడం లేదు. మిగతా అన్ని చోట్లా నాలుగే. జాజ్ పట్టుకు ఆ రుచి తెచ్చే స్వరాలు మూడు నాలుగే, మిగిలిన తీగలు ఊరికే బరువు. ఆమె రెండు తీగలు విప్పేసింది. మిగిలిన నాలుగూ తను ఎరిగిన శ్రుతికి తెచ్చి, చేతిని మెడ మీదుగా వేసింది. మొదటి మూడు పట్లు అరగంటలో వచ్చేశాయి.

డీజిల్ షరతు ఆమెకు గుర్తుంది. కింద నుంచి పట్టుకుంటే ఓడిపోవడం ఖాయం. పైనుంచి పట్టుకుంటే గొడవ ఖాయం. గొడవే నయమనుకుంది.

తొమ్మిదో పట్టు మాత్రం లొంగలేదు. మూడు స్వరాలు మెడ చివర ఉంటే, లావు తీగ మీది స్వరం ఇవతల ఎక్కడో ఉంది. అక్కడికి వేలు లేదు. పైనుంచి పట్టినప్పుడు లావు తీగ వేళ్ల మొదళ్ల కిందే ఉంటుంది గనక, వేలి మొదలుతోనే నొక్కి చూసింది. అక్కడ కొక్కెం పట్టి పట్టి కాయ కాసి ఉంది. తీగ మోగింది గాని ఈగలా జుమ్మంది. కాయ ఇంకా గట్టిపడాలి. మర్నాటి నుంచి ఎడమ చేతికి తొడుగు లేకుండా కొక్కెం పట్టడం మొదలుపెట్టింది.

"చెయ్యి కోసుకుంటే కొట్టుకి చెడ్డపేరు," అన్నాడు కొట్టులో పని చూసే మేస్త్రీ.

"కోసేది కుడి చెయ్యి ర్రా. దానికి తొడుగుంది."

"నువ్వు వాదించడం కూడా పైనుంచే." ఆయనకు చాలా సంగతులు తెలుసన్నమాట.

ఆగస్టు ఆఖరి ఆదివారం డీజిల్ పెరటి గేటు దగ్గరకు వెళ్లేసరికి, స్పీకరు పెట్టె మీద శుభ్రమైన గోళ్లతో ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. గాబరోన్ నుంచి వచ్చిన ఒటీలె. అప్పటికే పాట మొత్తం ఒకసారి వాయించేశాడు. ఒక్క తప్పు కూడా లేదని డ్రమ్ములాయన ముఖమే చెబుతోంది.

డీజిల్ గేటు తియ్యలేదు. గిటారు వంక చూశాడు.

"రెండు తీగలేవి మ్మా? మాంసంతో పాటు అమ్మేశావా?"

"పని చెయ్యట్లేదు. ఇంటికి పంపించేశా."

"చెయ్యి కింద నుంచి అన్నాను."

"అన్నావు. మధ్య భాగం వాయించమని కూడా అన్నావు. నా చేతిలో రెండూ కుదరవు. ఏది కావాలో చెప్పు."

"ఇది రాక్ బృందం. పెళ్లి పందిరి కాదు."

"గేటు దగ్గర ఆపుతానన్నావుగా, ఆపు. ఇక్కడే వాయిస్తా. ఆ వైరు ఇలా పడెయ్యి."

వైరు అందించింది ఒటీలె. పైనుంచి పట్టిన చేతిని దగ్గర నుంచి చూడాలని అతనికి ఉంది. గేటు బయట ఇసుకలో నిలబడి ఆమె మొదలుపెట్టింది. హోరు కాస్త పలచగానే వచ్చింది. డీజిల్ ముక్కు ముడిచాడు. మధ్య భాగంలో ఎనిమిది పట్లు జారిపోయాయి. తొమ్మిదో దాని దగ్గర లావు తీగ గొంతు పట్టేసింది. ఆమె ఆగింది.

"మళ్లీ," అంది.

"అయిపోయింది మ్మా."

"ఒక్కసారే అని నువ్వు అనలేదు."

డ్రమ్ములాయన డీజిల్ వైపు చూడకుండా కర్రలతో లెక్క కొట్టాడు. ఈసారి ఆమె తొమ్మిదో పట్టు కోసం మణికట్టును ముందే వంచింది. తీగ శుభ్రంగా మోగింది. పాట అక్కణ్ణించి దిగి, మళ్లీ హోరులో కలిసి, ముగిసింది. రోడ్డు మీద గాడిద బండి ఒకటి ఆగి ఉంది.

డీజిల్ గేటు గడియ తీశాడు. "మధ్య భాగం నువ్వు వాయించు. ముందూ వెనకా ఒటీలె వాయిస్తాడు. ఆ నాలుగు తీగలతో హోరు సన్నగా ఉంది."

"నాకు మొత్తం కావాలి."

"సన్నగా ఉందంటున్నా కదా."

"లావు స్వరం వాయించేది నువ్వు. సన్నగా ఉందంటే తప్పు ఎవరిది?"

డ్రమ్ములాయన దగ్గాడు. డీజిల్ ఒటీలె వైపు తిరిగాడు. "నువ్వేమంటావు?"

"నన్ను అడిగితే పాట నాకే ఇమ్మంటా," అన్నాడు ఒటీలె. "అక్కయ్య తొమ్మిదో దాంట్లో ఒక స్వరం వదిలేసింది కూడా. నేను ఏదీ వదల్లేదు."

"వదల్లేదు. క్యాసెట్టులో ఉన్నట్టే ఉంది." డీజిల్ ఆమె కోసం గేటు బార్లా తెరిచాడు. "క్యాసెట్టు నా దగ్గర ఎలాగూ ఉంది."

ఒటీలెకు ఆ మాట నచ్చలేదు. గాంజీలోనే ఇంకో బృందానికి రాకర్ల రోజుకు మనిషి కావాలి గనక అటు వెళ్లాడు. వెళ్తూ తొమ్మిదో పట్టు మళ్లీ చూపించమని అడిగాడు. ఆమె చూపించింది. అతనికి అక్కడ కాయ లేదు, రాలేదు.

పాట మొత్తం ఆమెకే ఇస్తూ డీజిల్ రెండు షరతులు పెట్టాడు. వేదిక మీద మోచేత్తో వాయించడం లాంటి పెళ్లి విన్యాసాలు వద్దు. తొమ్మిదో పట్టు అక్కడ పట్టేస్తే వచ్చే ఏడు ఒటీలె. ఆమె రెండోదానికి సరేనంది. మొదటిదానికి మోచెయ్యి తడుముకుంది.

ఈ ఏడు సెస్వా ఇంకెవరో అమ్ముతున్నారు. రాకర్ల రోజు నెలాఖరు శనివారం పడింది, కొట్టులో రద్దీ, యజమాని పూర్తి సెలవు ఇవ్వనన్నాడు. ఒంటిగంట దాకా ఆమె శీతల గదిలో ఉంటుంది. స్కోరోకోరో వంతు ఏడోది, సాయంత్రం అయిదుంపావుకు. ఎడమ చెయ్యి కాచుకోవడానికి మధ్యలో నాలుగు గంటలకు పైనే ఉంది.