అవ్వ గుడిసె కింది బొగ్గు

మా బాపు రిటైర్మెంట్‌కు ఆరు నెలలుంది. ఆ తర్వాత గని క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. నస్పూర్ పక్క ఊళ్లో మాకున్న ఇరవై గుంటల మెట్ట చెలక తప్ప తల దాచుకోవడానికి వేరే చోటు లేదు. అయినా నాకే ఫికరూ లేదు. సొంత ఇల్లు అనేసరికి కాళ్లు నేల మీద నిలవలేదు. నా డిగ్రీ నోట్సు వెనక పేజీల నిండా ఇంటి బొమ్మలే, గోడల కంటే కిటికీలే ఎక్కువ.

ఓ ఆదివారం బాపు చెలకలో రోడ్డు వైపున సున్నంతో ముగ్గు పోశాడు. నడి మధ్యన ఒకటే గీత. మేస్త్రీ దాని చుట్టూ తిరిగి, గోడలు ఎక్కడని అడిగాడు. బొగ్గుబాయిలో కప్పు మీద ఒక్క తెల్ల గీత ఉంటే చాలు, దాని వెంటే రెండు పక్కలా తవ్వుకుంటూ పోతారు. ముప్పై ఏళ్లు ఆ పని చేసిన మనిషి ఇంటికీ అదే చాలనుకున్నాడు. అందరం పడీ పడీ నవ్వాం, బాపు తప్ప.

ఆ నవ్వు పంచాయతీ ఆఫీసు దాకే నిలిచింది. కింద బొగ్గు తీసేసిన భూమి మీద ఇల్లు కట్టడానికి లేదని, ముందు గని సర్వే ఆఫీసులో రాయించుకు రమ్మని కార్యదర్శి చెప్పాడు. మా చెలక కింద బొగ్గు తీసినవాళ్లలో బాపు కూడా ఉన్నాడు.

సర్వే ఆఫీసులో గని పటం మీద మా భూమి గీసిన పల్చటి కాగితం పరిచారు. బాపు గీత పోసిన వైపంతా కింద ఖాళీ, ఎప్పుడైనా కుంగవచ్చు. వెనక మూలన ఒక్క గడి మాత్రం నిండుగా ఉంది. అక్కడ బొగ్గు ముట్టుకోలేదు, ఇల్లు కట్టుకోవచ్చన్నారు.

బాపు ఆ గడి మీద వేలు పెట్టి తీయలేదు. అది మా నాయనమ్మ గుడిసె ఉన్న చోటు. మనుషులు కాపురమున్న ఇంటి కింద బొగ్గు తీయకూడదని రూలు. క్వార్టర్‌కు రమ్మని ఎన్నేళ్లు బతిమాలినా ఆమె ఆ గుడిసె వదల్లేదు. మొండిదని తిట్టనివాళ్లు లేరు, అందులో నేనే ముందు.

బస్సు దిగి చెలక దాకా ఉరికాను. ఆయాసంలో నాకు మాట రాకముందే బాపు వెనకే వచ్చి చెప్పాడు.

“అవ్వా, నువ్వు గీడ ఉన్నందుకే మనకు జాగ మిగిలింది. ఇగ ఈ గుడిసె తీసి ఇల్లు కట్టాలె.”

ఆమె మంచం మీద నుంచి లేవలేదు.

“నేనైతే జరుగ. నా సుట్టూ కట్టుండ్రి.”

ఈసారి ఎవరం తిట్టలేదు. గోడలు గుడిసె చుట్టూ లేచాయి. పైన రేకులు పడ్డాకే గుడిసె విప్పాం. ఆమె మంచం జానెడు కూడా జరగలేదు.