నారింజ తుపాకికి నలుపు

బట్టలకు అద్దకం వేసే ఆవిడను వీధిలో అందరూ రంగులక్క అంటారు. ఆవిడ గోళ్ళు చూస్తే చాలు, ఆ వారం ఏ రంగు గిరాకీ నడుస్తోందో చెప్పొచ్చు. కూతురు జ్వరంతో పోయాక ఆ గోళ్ళు చాలాకాలం తెల్లగానే ఉండిపోయాయి.

పిల్ల బట్టలు ఎవరికో ఇచ్చేశారు. మిగిలింది బొమ్మ తుపాకి ఒక్కటే. కళ్ళు చెదిరే నారింజ రంగు ప్లాస్టిక్‌ది. మీట నొక్కితే మెత్తటి స్పాంజి గుండు ఎగిరి వచ్చేది. నాన్న డ్యూటీ దిగి గడప దాటగానే పిల్ల తలుపు చాటునుంచి కాల్చి, చచ్చిపోయావు పడిపో అనేది. బస్సు నడిపి నడిపి నడుము పట్టేసిన ఆ మనిషి చెప్పులైనా విప్పకుండా దభీమని పడేవాడు.

ఇప్పుడది అలమరలో కనబడుతుంటే అతనికి ముద్ద దిగడం లేదు. ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాడు. ఆవిడ ఇవ్వనంది. ఆ రంగే కదా నీ కంట్లో పొడుస్తోంది, మార్చేస్తానంది.

ముందు బావగారి షెడ్డుకు వెళ్ళింది. ఆయన బళ్ళకు రంగు కొడతాడు. తుపాకిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గరుకు కాగితంతో ఒళ్ళంతా రుద్దాలమ్మా. నున్నటిదాని మీద పెయింట్ నిలవదు, పొట్టులా లేచిపోతుంది."

"పిడి కూడానా?"

"పిడే బాగా రుద్దాలి. చెయ్యి పడే చోటు కదా, చెమటా జిడ్డూ అంతా అక్కడే ఉంటుంది."

ఆవిడ తుపాకి లాక్కున్నంత పని చేసింది. ఆయన నాలిక కరుచుకునేలోపే వీధి మలుపు తిరిగిపోయింది.

పెయింట్ పైన కూర్చుంటుంది, అద్దకం లోపలికి పోతుంది. లోపలికి పోయేదైతే దేన్నీ రుద్దక్కర్లేదు, పిల్ల చెయ్యి పడ్డ చోటు పడ్డట్టే ఉంటుంది అనుకుంది. నారింజ మీద నీలం వేస్తే బురద, ఆకుపచ్చ వేస్తే ఇంకా బురద. నలుపు తప్ప దారి లేదు. పాలిస్టర్ గుడ్డకు వాడే నల్ల పొడి కలిపి పొయ్యి మీద పెట్టింది. మరిగితే ప్లాస్టిక్ వంకరపోతుందని మంట తగ్గించింది.

రంగులో ముంచే ముందు దేనికైనా జిడ్డు వదలగొట్టాలి. లేకపోతే మచ్చలు పడతాయి. పెళ్ళి కాకముందునుంచీ చేస్తున్న పని, చేతులకు ఒకరు చెప్పక్కర్లేదు. నీళ్ళు కాగేలోపు ఆ చేతులు తుపాకిని తొట్టెలో ముంచాయి, సబ్బు పట్టించాయి, బ్రష్షుతో పిడి గాడులన్నీ తోమాయి. నురగ బూడిదరంగుగా దిగింది. బాగానే వదిలింది అనుకుంది కూడా. రెండోసారి నీళ్ళు పోయబోయి ఆగింది.

మొదటి నీళ్ళు అప్పటికే తూములోకి పోయాయి.

భర్త వచ్చేసరికి తడి తుపాకి ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూర్చుని ఉంది. రంగు వెయ్యలేదేమని అడిగాడు.

"కడిగేశాను," అంది.

మంచిదేగా అనబోయి, ఆవిడ మొహం చూసి భుజాన సంచి కింద పెట్టాడు.

"పిల్ల బొటనవేలు ఆనే చోటు కూడా తోమేశాను. నువ్వన్నట్టే ఎవరికైనా ఇచ్చెయ్. ఇక ఇది ఎవరిదైనా ఒకటే."

అతను చెయ్యి చాపలేదు. పక్కనే చతికిలబడ్డాడు. పొయ్యి మీద నల్ల నీళ్ళు కాగుతూనే ఉన్నాయి, కట్టెయ్యడానికి ఎవరూ లేవలేదు.

మర్నాడు డ్యూటీకి వెళ్తూ తుపాకిని సంచిలో వేసుకున్నాడు. రాత్రి ఖాళీ సంచితో తిరిగొస్తే, ఎవరికిచ్చావని ఆవిడ అడగలేదు.